మన గదిలో వెన్న తనంతట తాను ఆగదు

(పాలకొల్లులో ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, ఇంట్లో కేకులు, బిస్కెట్లు చేసుకునే ఆడవాళ్లు కొందరు కూడినప్పుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకి రండమ్మా. ఇది వినే సంగతి కన్నా చూసే సంగతి, చూసే దానికన్నా వేలుపెట్టి ముట్టుకునే సంగతి. కుర్చీలు లాక్కోండి, పర్వాలేదు.

మాట్లాడే ముందు ఒక పని చేస్తాను. ఇదిగో, ఐసు పెట్టెలోంచి ఇప్పుడే తీస్తున్నాను. మూడు వెన్న ప్యాకెట్లు, ఒక్కొక్కటి 100 గ్రాములు. మూడూ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నవే, రాయిలా ఉన్నాయి. మొదటిదాన్ని కాగితం విప్పి దిమ్మలాగే ఈ పళ్లెంలో పెట్టేస్తున్నాను. దాని జోలికి ఇక పోను. రెండోదాన్ని చాకుతో ముక్కలు కోస్తున్నాను, ముక్క సెంటీమీటరు ఉంటే చాలు. మూడోది క్యారెట్ తురిమే పలక మీద తురుముతున్నాను. చూశారా, వెన్నని కాగితంతోనే పట్టుకున్నాను. చేతి వేడి తగిలితే సగంలోనే జారిపోతుంది. అయ్యింది. ఇప్పుడు టైము మూడుంపావు. ఎవరైనా గుర్తుపెట్టుకోండమ్మా. ఈ గోడకి తగిలించిన థర్మామీటరు ఎంత చూపిస్తోంది? 34. నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నా 34.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కేకు కొలతలు ఎక్కడ చూసినా, ఫోనులో చూసినా, తెలిసినావిడ రాసిచ్చిన కాగితంలో చూసినా, మొదటి వరసలోనే ఒక మాట ఉంటుంది. వెన్న రూమ్ టెంపరేచర్‌లో ఉండాలి. గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టుకోండి. ఉంటుందా లేదా? ఉంటుంది. నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. ఎవరి రూమ్ అండి? ఎవరి గది?

ఆ మాట పుట్టింది చలిదేశాల్లో. అక్కడి వంటిల్లు 20, 21 డిగ్రీలు ఉంటుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉన్న వెన్నని బల్ల మీద పెడితే మెల్లగా వెచ్చబడి, గది ఎంత ఉందో అంతకి వచ్చి అక్కడ ఆగుతుంది. ఇల్లాలు మర్చిపోయినా నష్టం లేదు. ఆపేది ఎవరు? గదే ఆపుతుంది. ఇక మన గది చూడండి. 34. వెన్న పూర్తిగా కరిగిపోయేది 32 నుంచి 35 డిగ్రీల మధ్య. అంటే ఇక్కడ వెన్నని వదిలేస్తే అది చేరేది మెత్తదనానికి కాదమ్మా, నూనెకి. మెత్తదనం అనేది మన దగ్గర దారిలో వచ్చే ఊరు. నరసాపురంలో బస్సెక్కి పాలకొల్లులో దిగాల్సినవాళ్లు కునుకు తీస్తే ఏమవుతుంది? బస్సు మన కోసం ఆగదు కదా. మనమే లేచి దిగాలి.

అందుకని, వెన్న త్వరగా మెత్తబడటం ఎలా అని అందరూ అడుగుతారు గానీ, మన గోదావరి జిల్లాల్లో ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. మెత్తబడ్డాక ఎలా ఆపాలి అన్నదే ప్రశ్న. ఈ మాట ఇంకోసారి చెబుతాను. మెత్తబడ్డాక ఎలా ఆపాలి?

ఎంత మెత్తగా ఉండాలో ముందు చెప్పుకుందాం. కేకు కోసం పంచదారతో కలిపి గిలక్కొట్టే వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు ఉన్నవాళ్లు గుచ్చి చూసుకోండి. లేనివాళ్లకి వేలు చాలు. మన కోనసీమలో కొబ్బరి నూనె తెలియనివాళ్లు లేరు. చలికాలం పొద్దున్న సీసాలో తెల్లగా పేరుకుని ఉంటుంది. ఎండ తగలగానే నీళ్లయిపోతుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అటో ఇటో తేలిపోతుంది. మధ్యలో మెత్తగా ఉండే కాలం చాలా తక్కువ. వెన్న అలా కాదు. అందులో రకరకాల కొవ్వులు కలిసి ఉంటాయి. కొన్ని ఫ్రిజ్‌లో కూడా గట్టిపడవు, కొన్ని 30 దాటినా కరగవు. అందుకే వెన్న ఒక్కసారిగా కరగదు. కొంచెం కొంచెం లొంగుతూ వస్తుంది. ఆ లొంగుబాటులో ఒక మంచి ఘడియ ఉంటుంది, అదే మనకి కావాల్సింది.

ఒక్క నిమిషం. తురుము చూద్దాం. టైము ఎంతయిందమ్మా? అయిదు నిమిషాలేనా? ఇదిగో, ముందు వరసలో ఉన్నవాళ్లు ముట్టుకోండి. వేలు వెళ్తోంది కదా? కానీ వేలికి చల్లగా తగులుతోందా లేదా? తగులుతోంది. అయ్యింది, ఈ తురుము సిద్ధం. దీన్ని ఇంకో అయిదు నిమిషాలు ఇక్కడే ఉంచితే పాడవుతుంది, అందుకే పళ్లెంతో సహా ఐసు పెట్టెలో పెట్టి మూత వేస్తున్నాను. దిగాల్సిన ఊళ్లో దిగడం అంటే ఇదే.

ఇంత పట్టింపు ఎందుకు, కరిగితే మాత్రం ఏం, పిండిలో కలిసేదేగా, అనుకునేవాళ్లు ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా చెల్లెలి కూతురి పుట్టినరోజు మే నెలలో వస్తుంది. డిసెంబరులో క్రిస్మస్‌కి మా పక్కింటావిడతో కలిసి చేసిన కేకు దూదిలా వచ్చింది. అదే కొలత, అదే ఓవెన్, అదే గిన్నె. మే నెలలో చేస్తే అడుగున హల్వాలాగా సాగే పొర, కింద పెట్టిన కాగితమంతా నూనె మరక. పిల్ల ఏమీ అనలేదు, తినేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓవెన్‌ని అనుమానించాను. బేకింగ్ పౌడర్ పాతదేమో అని కొత్తది కొన్నాను. మళ్లీ అంతే. మూడోసారి ఎండకి భయపడి తెల్లవారుజామున అయిదింటికి లేచి చేశాను. కేకు వచ్చింది! ఏం మారింది? ఏదీ మారలేదు, వెన్న తప్ప.

లోపల జరిగేది ఇదండి. పంచదార పలుకులకి అంచులుంటాయి. వెన్నతో కలిపి గిలక్కొడుతుంటే ఆ అంచులు వెన్నని గీరుకుంటూ పోతాయి. గీరిన చోటల్లా కంటికి కనపడని గాలి బుడగ చిక్కుకుంటుంది. కేకు పొంగడానికి పునాది ఈ బుడగలే. బేకింగ్ పౌడర్ కొత్త బుడగల్ని పుట్టించదు, ఉన్న బుడగల్ని ఉబ్బిస్తుంది. వెన్న రాయిలా ఉంటే పంచదార గీరలేదు. వెన్న కరిగిపోతే గీరినా నిలవదు, నీటి మీద రాతే. గాలిని పట్టుకునేంత మెత్తగానూ ఉండాలి, పట్టిన గాలిని వదలనంత గట్టిగానూ ఉండాలి. పైగా బీటర్ తిరిగే రాపిడికి వెన్న ఇంకాస్త వెచ్చబడుతుంది. అందుకే ఎండాకాలంలో నేను ఒక మెట్టు ముందే, 17 డిగ్రీల దగ్గరే మొదలుపెడతాను.

గిలక్కొట్టే గిన్నె కూడా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీయగానే మన గాలిలో తేమకి గిన్నెకి చెమ్మ పడుతుంది, పొడిగుడ్డతో తుడవండి. తుడవడం మర్చిపోవద్దు.

ఇదంతా కొత్త చదువు అనిపిస్తోందా? కాదండి. కేకు మనకి కొత్త కావచ్చు, వెన్న కొత్త కాదు. మాది రాజోలు అవతల లంక ఊరు. మా మామ్మకి రెండు గేదెలు ఉండేవి. దాలిలో కాగిన పాలు, మీగడ కట్టిన పెరుగు, గుంజకి కట్టిన కవ్వం, ఇవన్నీ ఇక్కడ సగంమందికి తెలుసు. ఎండాకాలం మామ్మ ఇంకా చీకటి ఉండగానే చిలకడానికి కూర్చునేది. చిలుకుతూ చిలుకుతూ కుండలోంచి చన్నీళ్లు చెంబుతో తీసి పోసేది. చలికాలం అయితే పొయ్యి దగ్గర గోరువెచ్చటి నీళ్లు పెట్టుకుని అవి పోసేది. చిన్నప్పుడు నేను అడిగాను, ఒక రోజు చన్నీళ్లు, ఒక రోజు వేణ్ణీళ్లు ఎందుకు మామ్మా అని. వెన్న పోగవ్వాలి కదే అంది. అంతే చెప్పింది.

ఇప్పుడు అర్థమవుతోంది. ఎండకి కొవ్వు మరీ మెత్తబడితే చిన్న చిన్న పలుకులు మజ్జిగలోనే జిడ్డుగా ఉండిపోతాయి, ముద్ద కట్టవు. మరీ చల్లగా ఉంటే గట్టిపడి ఒకదానికొకటి అంటుకోవు. మధ్యలో ఎక్కడో అంటుకునే ఘడియ ఉంది. ఆ ఘడియ కోసం మామ్మ నీళ్లు మార్చేది. కాలాన్ని వెన్నకి అడ్డురానిచ్చేది కాదు. ముద్ద పడ్డాక దాన్ని చన్నీళ్ల గిన్నెలో వదిలేది. చెయ్యి తడిపి మరీ వెన్న ముట్టుకునేది. ఆవిడ దగ్గర థర్మామీటరు ఉందా? చెయ్యే థర్మామీటరు. మనం ఇప్పుడు చేసేది అదే పని. ఆవిడకి వెన్న పోగవ్వాలి, మనకి వెన్న గాలిని పట్టాలి.

రెండో పళ్లెం తెండమ్మా. ఎంతయింది, పన్నెండు నిమిషాలు? సరే. ఈ ముక్కలు చూడండి. ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. చూపుడువేలితో నొక్కండి. గుంట పడాలి, ఆ గుంట అలాగే ఉండాలి. వేలు అడుగుదాకా దిగిపోకూడదు. వేలు తీసి చూసుకోండి. పల్చగా అంటితే మంచిదే, నూనెలా కారితే దాటిపోయింది. ముక్కని వంచండి, పెటుక్కున విరిగితే ఇంకా రాలేదు, వంగితే వచ్చింది. ఇంకొకటి, మెరుపు చూడండి. మంచి వెన్న పైన మెరుపు ఉండదు, మసకగా ఉంటుంది. నిగనిగలాడుతోందంటే పైపొర కరుగుతోందని. అన్నిటికన్నా నేను నమ్మేది, వెన్న మెత్తగా ఉండాలి, ముట్టుకుంటే చల్లగానూ ఉండాలి. రెండూ ఒకేసారి. చల్లదనం పోయిందా, ఆలస్యం అయిందన్నమాటే. ఇవి సిద్ధం. ఇవీ ఐసు పెట్టెలోకి.

ఏమ్మా? మైక్రోవేవ్ సంగతా? అడుగుతారని తెలుసు. నేను వద్దంటాను. దిమ్మ మొత్తం పెట్టి పది సెకన్లు తిప్పితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. పైన చూస్తే దిమ్మ దిమ్మలాగే ఉంటుంది, చాకు పెడితే మధ్యలోంచి నూనె కారుతుంది. ఆ వేడి వెన్న అంతటా ఒకేలా పట్టదు. ఒకచోట కరగడం మొదలైతే ఆ చోటే ఇంకా వేగంగా కరుగుతుంది. తప్పదంటే ముక్కలు కోసి, అన్నిటికన్నా తక్కువ పవర్‌లో, అయిదు సెకన్లు. తీసి, ముక్కలు తిప్పి, నొక్కి చూసి, మళ్లీ అయిదు. అంత ఓపిక ఉన్నవాళ్లు ఆ ఓపికతో తురుముకోవచ్చు కదా! మన ఎండలో తురుముకి అయిదు నిమిషాలు పట్టింది, కళ్లతో చూశారు.

పొయ్యి పక్కన పెట్టడం, వేడి అన్నం గిన్నె మూత మీద పెట్టడం, కిటికీలో ఎండకి పెట్టడం, ఇవి అసలు వద్దు. ఒక పక్క కరిగి ఇంకో పక్క గట్టిగా ఉండే వెన్నతో ఏ పనీ కాదు.

ధనుర్మాసంలో తెల్లవారుజామున మాత్రం కథ వేరు. అప్పుడు మన వంటిల్లు కూడా ఆ చలిదేశాల వంటింటికి దగ్గరగా వస్తుంది. ముక్కలు కోసినా అరగంట, ముప్పావుగంట పడుతుంది. తొందరగా ఉంటే ఒక స్టీలు గిన్నెలో వేణ్ణీళ్లు పోసి, గిన్నె వేడెక్కాక పారబోసి, తుడిచి, ముక్కల మీద బోర్లించండి. లోపల వెచ్చటి గాలిలో పది నిమిషాల్లో లొంగుతాయి. వేడి గిన్నె వెన్నకి తగలకూడదు, అది చూసుకోండి. చపాతీ కర్ర పద్ధతి కూడా మంచిదే. వెన్నని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి కర్రతో కొట్టి, పల్చగా ఒత్తేయడం. పిండివంటలు చేసే చేతులకి ఇది నిమిషం పని.

డీప్ ఫ్రిజ్‌లో ఉన్న వెన్నయితే ముందురోజు రాత్రే కింది అరలోకి దించండి.

ఒకవేళ దాటిపోయింది అనుకోండి. ఎంత దాటింది? పైన మెరుస్తూ, అంచుల్లో కొంచెం కారుతూ ఉంటే ఇంకా మన చేతిలోనే ఉంది. గిన్నెని ఐసు నీళ్లలో కూర్చోబెట్టి, గరిటెతో తిప్పుతూ ఉండండి. చిక్కబడుతుంది. పూర్తిగా కరిగి, పైన పసుప్పచ్చటి నూనె, కింద తెల్లటి నీళ్లు విడిపోతే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపరచి వాడదామని చూడకండి. కొన్న వెన్నలో 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. ఆ నీరు కంటికి కనపడని చుక్కలుగా కొవ్వులో ఇమిడి ఉంటుంది. కరిగితే ఆ అమరిక చెదిరిపోతుంది, మళ్లీ చల్లారిస్తే అది రాదు. పేరిన నెయ్యిలా పూస కడుతుంది. ఆ వెన్నని బ్రౌనీకి వాడండి, కరిగిన వెన్న అడిగే వంటలు చాలా ఉన్నాయి. లేదా కాచి నెయ్యి చేసుకోండి, ఒక మునగాకు రెమ్మ వేసి. పారేయాల్సిన పని లేదు.

కోడిగుడ్ల గురించి ఒక్క మాట. వెన్న చక్కగా కుదిరాక ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు అప్పటికప్పుడు కొట్టి పోస్తే వెన్న గట్టిపడి, పాలు విరిగినట్టు పలుకు పలుకుగా అవుతుంది. గుడ్లు ఇరవై నిమిషాల ముందు తీసి పెట్టుకోండి, ఒక్కొక్కటే వేయండి. అయినా విరిగితే ఒక చెంచా మైదా వేసి కలపండి, సర్దుకుంటుంది.

ఇంట్లో తీసిన వెన్నతో కేకు చేయొచ్చా అని ఆ పిన్నిగారు అడుగుతున్నారు. చేయొచ్చండి, నాకు చాలా ఇష్టం కూడా. కానీ రెండు తేడాలు. ఒకటి, మన ఇంటి వెన్నలో నీరు ఎక్కువ. చన్నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, పుల్లదనం పోయాక, చెక్క గరిటెతో ఒత్తి ఒత్తి నీరు తీసేయండి. అప్పుడే తూకం వేయండి. రెండోది, గేదె వెన్న తెల్లగా ఉంటుంది. పసుపు వెన్నయితే గిలక్కొట్టేటప్పుడు గాలి పడుతున్నకొద్దీ రంగు తేలిపోతుంది, దాన్ని బట్టి చాలు అని తెలుస్తుంది. తెల్ల వెన్నలో ఆ గుర్తు కనపడదు. పరిమాణం చూడాలి. గిన్నెలో ఎంత ఎత్తుకి వచ్చింది, గరిటెతో ఎత్తితే ఎంత తేలిగ్గా ఉంది, అది చూడాలి.

వెన్న మెత్తదనం కేకుకే అనుకోకండి. జంతికలు చేస్తారు కదా? రెండు గ్లాసుల బియ్యప్పిండికి రెండు చెంచాల వెన్న వేస్తాం. ఎందుకు? గుల్లగా రావడానికి. ఆ వెన్న పిండి రేణువులకి చుట్టూ పట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ముద్ద వేసి కలిపేస్తే ఎక్కడో ఒక గట్టి పలుకు ఉండిపోతుంది. నూనెలో అది కరిగి, అక్కడ జంతిక విరుగుతుంది. మెత్తటి వెన్నని పొడిపిండిలో రెండు చేతులతో రుద్దండి, నీళ్లు పోయకముందే. పిండి పిడికిట్లో పట్టి చూస్తే ముద్ద నిలబడాలి. వెన్న ఎక్కువైనా ప్రమాదమే, నూనెలో విడిపోతాయి. ఇంట్లో మడత కాజాలు చేసేటప్పుడు చపాతీ మీద నెయ్యీ బియ్యప్పిండీ కలిపి రాస్తాం చూశారా, అక్కడా ఇదే. కరిగిన నెయ్యి పిండిలోకి ఇంకిపోతుంది. పేరిన నెయ్యి నలిపి రాస్తే పొరకీ పొరకీ మధ్య నిలబడుతుంది. కాజా పొరలు విచ్చుకునేది అందుకే.

పఫ్‌లకి మాత్రం ఇదంతా తలకిందులు. అక్కడ వెన్న చల్లగానే ఉండాలి, పొరల మధ్య గట్టిగా ఉండి ఓవెన్ వేడికే కరగాలి. ఆ వెన్నలో నీరు ఆవిరై పొరల్ని లేపుతుంది. మే నెలలో మన వంటింట్లో, ఏసీ లేకుండా, పఫ్‌లు మొదలుపెట్టవద్దనే చెబుతాను. వేడి దోశ మీదకీ, పావ్ భాజీలోకీ ఏ వెన్నయినా పర్వాలేదు.

వెన్న బయటే ఉంచుకోవచ్చా అంటే, మన దగ్గర వద్దు. ఎంత కావాలో అంత కోసుకుని మిగతాది వెంటనే లోపల పెట్టండి. ఇంట్లో తీసిన వెన్న అయితే మరీను, ఈ ఎండకి సాయంత్రానికే వాసన మారుతుంది.

ఇక మొదటి పళ్లెం. దిమ్మని మర్చిపోయారా? నేను మర్చిపోలేదు. ఎంతయిందమ్మా టైము? ముప్పై నిమిషాలు. చూడండి, పైనంతా నిగనిగలాడుతోంది, పళ్లెంలో చుట్టూ తడి. అందరూ ఇది మెత్తబడిపోయింది అనే అనుకుంటారు. ఇప్పుడు మధ్యకి కోస్తాను. చాకు ఎక్కడ ఆగిందో చూశారా? నడిమధ్య ఇంకా గట్టిగానే ఉంది. ఇదిగో అమ్మా, నువ్వు నొక్కు. బయట వేలు జారుతోంది, లోపల గుంట కూడా పడటం లేదు. ఒకే ముక్క, ఒకే గది. ఇలాంటి దాన్ని గిలక్కొడితే సగం నూనె, సగం గడ్డలు. దీన్ని నేను ఇంటికి తీసుకెళ్లి నెయ్యి కాచుకుంటాను.

ఆ రెండో పళ్లెం బయటికి తీయండి. ముక్కలు ఈ గిన్నెలో వేయండి, గిన్నె తుడిచారా? తుడవండి. పంచదార 100 గ్రాములు ఆ డబ్బాలో ఉంది. బీటర్ ముందు నెమ్మదిగా, రెండు నిమిషాలయ్యాక కొంచెం జోరుగా. రంగు చూస్తూ ఉండండి, మధ్యమధ్యలో గిన్నె అడుగు చేత్తో పట్టుకుని చూడండి. వెచ్చగా తగిలిందంటే అక్కడికక్కడ ఆపేసి ఐసు నీళ్లలో పెట్టాలి. ఎవరు ముందు వస్తారు? రామ్మా, నువ్వు రా.